అమెరికా సిటిజన్‌షిప్ వచ్చాక పాస్‌పోర్టు, ఐడీ, ఓసీఐ, ఆధార్: ఏది ముందు, ఏది తర్వాత?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పోయిన వారం ఓత్ (పౌరసత్వ ప్రమాణం) అయింది, నాచురలైజేషన్ సర్టిఫికెట్ (అమెరికా పౌరసత్వ పత్రం) చేతికొచ్చింది. ఇండియన్ పాస్‌పోర్టుకు ఇంకా నాలుగేళ్ల గడువుంది. మూడు నెలల్లో హైదరాబాద్‌లో పెళ్లికి వెళ్లాలి. అమెరికా పాస్‌పోర్టు ఎలా తీసుకోవాలి, ఆధార్ లాంటి కార్డు ఇక్కడ ఏమైనా ఉంటుందా, ఈ ఒక్కసారికి పాత పాస్‌పోర్టు మీద వెళ్లి రావొచ్చా, అక్కడి ఆధార్, పాన్‌ల సంగతేమిటి?

ముందు అసలు విషయం. పాత పాస్‌పోర్టు మీద వెళ్లకూడదు, ఒక్కసారి కూడా. దాని మీద ఏ తేదీ అచ్చయి ఉన్నా సరే, మీరు ఓత్ తీసుకున్న రోజుతో దాని పని అయిపోయింది. పనుల వరస ఇలా ఉంటుంది: మొదట అమెరికా పాస్‌పోర్టు, తర్వాత ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్, ఆ తర్వాత ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డు), చివరగా ఆధార్, పాన్, బ్యాంకు లాంటివి. ఈ వరస తిప్పడం కుదరదు, ఎందుకంటే ప్రతి మెట్టులోనూ ముందు మెట్టులో వచ్చిన కాగితం అడుగుతారు. మూడు నెలల్లో ఇదంతా సాధ్యమే గానీ బిగుతుగా ఉంటుంది. అందుకే ఇంకో దారి కూడా కింద చెబుతాను.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, చాలామంది దీన్ని "రెండు పాస్‌పోర్టులూ కొన్నాళ్లు నడుస్తాయి" అన్నట్టు తీసుకుంటారు. భారత రాజ్యాంగం 9వ అధికరణ, 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఇష్టపూర్వకంగా వేరే దేశ పౌరసత్వం తీసుకున్న క్షణాన భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. మీరు సంతకం పెట్టి వదులుకునేదాకా ఆగదు. సరెండర్ అనేది జరిగిపోయిన దాన్ని కాగితం మీద పెట్టే పని మాత్రమే. ఓత్ తర్వాత పాత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేస్తే సరెండర్ చేసేటప్పుడు దానికి పెనాల్టీ పడుతుంది, ఎన్నిసార్లు ప్రయాణిస్తే అన్నిసార్లకూ. మూడేళ్లు దాటి దగ్గర ఉంచుకున్నా పెనాల్టీయే. ఇంకా పెద్ద తప్పు, పౌరసత్వం విషయం దాచి ఇండియన్ పాస్‌పోర్టు రెన్యువల్‌కి పెట్టడం. 1967 పాస్‌పోర్టుల చట్టం కింద దానికి ఏడాది నుంచి ఐదేళ్ల దాకా జైలు, పదివేల నుంచి యాభై వేల దాకా జరిమానా ఉన్నాయి. "ఎవరికి తెలుస్తుందిలే" అనుకుని చేసే పని కాదు ఇది.

ఇక రెండోవైపు నుంచి చూడండి. గ్రీన్ కార్డు ఓత్ రోజే తీసేసుకున్నారు కదా. అమెరికా పౌరులు అమెరికా పాస్‌పోర్టు మీదే దేశం దాటాలి, దాని మీదే తిరిగి రావాలి. అంటే ఇప్పుడు మీ చేతిలో ప్రయాణానికి పనికొచ్చే కాగితం ఒక్కటీ లేదు. పాస్‌పోర్టు వచ్చేదాకా మెక్సికో, కెనడా ట్రిప్పులు కూడా పెట్టుకోవద్దు.

సర్టిఫికెట్‌ను ఈ రోజే మరోసారి చదవండి. ఇకపై ప్రతి కాగితానికీ ఇదే పునాది. పేరు స్పెల్లింగ్, పుట్టిన తేదీ, పాత దేశం పేరు, ఫోటో, మీ సంతకం అన్నీ చూసుకోండి. తప్పు ఓత్ హాల్లోనే కనిపిస్తే అక్కడి ఆఫీసర్ దిద్ది ఇస్తారు. ఇంటికొచ్చాక కనిపిస్తే ఎన్-565 ఫారం పెట్టాలి, దానికి నెలలు పడుతుంది. తప్పు వాళ్లదైతే ఫీజు ఉండదు. అయితే మనవాళ్లలో కనిపించే ఇంకో రకం ఉంది: స్కూల్లో చేర్చేటప్పుడు వేసిన పుట్టినరోజు ఒకటి, అసలు పుట్టినరోజు ఒకటి. గ్రీన్ కార్డు నుంచి పౌరసత్వానికి పెట్టిన ఎన్-400 ఫారం దాకా మీరే స్కూలు తేదీ ఇస్తూ వచ్చారు కాబట్టి, ఇప్పుడు దాన్ని సర్టిఫికెట్‌లో మార్చమంటే ఇమిగ్రేషన్ వాళ్లు ఒప్పుకోరు. ఆ తేదీతోనే ముందుకు వెళ్లండి. మీ ఇండియన్ పాస్‌పోర్టులోనూ అదే తేదీ ఉంటే ఏ ఇబ్బందీ లేదు.

పాస్‌పోర్టు అప్లికేషన్‌తో ఈ సర్టిఫికెట్ ఒరిజినల్ ఇచ్చేయాలి. కాబట్టి ఇచ్చే ముందే మంచి రంగుల స్కాన్ ఒకటి, నలుపు తెలుపు జిరాక్స్‌లు నాలుగైదు తీసి పెట్టుకోండి. సర్టిఫికెట్ మీద "అనుమతి లేకుండా కాపీ తీయడం నేరం" అన్న అర్థంలో అచ్చయి ఉంటుంది, అది చూసి చాలామంది జంకుతారు. ఆ నిషేధం చట్టబద్ధం కాని పనులకే. పాస్‌పోర్టు అప్లికేషన్‌తో పాటు జిరాక్స్ జత చేయమని అడిగేది పాస్‌పోర్టులిచ్చే స్టేట్ డిపార్ట్‌మెంటే. ఈ స్కాన్ ఎందుకు ముఖ్యమంటే, కొత్త పాస్‌పోర్టు ఒక కవరులో, సర్టిఫికెట్ వేరే కవరులో వస్తాయి. రెండోది పాస్‌పోర్టు అందాక నాలుగు వారాల దాకా ఆలస్యం కావచ్చు. స్కాన్ లేకపోతే ఆ నాలుగు వారాలూ ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ అప్లికేషన్ కదలదు.

పాస్‌పోర్టు అప్లికేషన్. మొదటిసారి కాబట్టి డీఎస్-11 ఫారంతో మనిషి స్వయంగా వెళ్లాలి. పోస్టాఫీసులు, కౌంటీ క్లర్క్ ఆఫీసులు, కొన్ని లైబ్రరీల్లో తీసుకుంటారు. చాలా చోట్ల అపాయింట్‌మెంట్ కావాలి. మీ ఊళ్లో దొరక్కపోతే పక్క కౌంటీలో చూడండి, ఎక్కడ ఇచ్చినా ఒకటే. ఫారం నింపి తీసుకెళ్లండి కానీ సంతకం పెట్టకండి. అక్కడి ఏజెంట్ ప్రమాణం చేయించి తన ఎదుటే పెట్టిస్తారు. ముందే పెట్టుకుని వెళ్తే కొత్త ఫారం నింపాల్సి వస్తుంది.

సర్టిఫికెట్ ఒరిజినల్, దాని జిరాక్స్, డ్రైవింగ్ లైసెన్స్, దానికి రెండు వైపులా జిరాక్స్, రెండంగుళాల చదరపు ఫోటో ఒకటి వెంట ఉండాలి. జిరాక్స్‌లు కాగితానికి ఒకవైపే ఉండాలి. ఫోటో ఆరు నెలల్లోపుది, కళ్లద్దాలు తీసి, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో దిగినది కావాలి. ఫోన్ యాప్‌తో మొహం నునుపు చేసిన ఫోటోలు వెనక్కి వస్తాయి, దాంతో వారాలు పోతాయి. మీ లైసెన్స్ వేరే రాష్ట్రానిదైతే ఇంకో ఐడీ కూడా తీసుకెళ్లండి. ఈ మధ్యే ఇల్లు మారినవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

డబ్బు రెండు చోట్లకు విడివిడిగా కట్టాలి. నేను రాస్తున్న నాటికి పెద్దవాళ్ల పాస్‌పోర్టు బుక్ 130 డాలర్లు, ఇది స్టేట్ డిపార్ట్‌మెంట్ పేరున చెక్కు లేదా మనీ ఆర్డర్. అప్లికేషన్ తీసుకున్న ఆఫీసుకు 35 డాలర్లు వేరే. త్వరగా కావాలంటే ఎక్స్‌పెడైట్ మరో 60. క్రెడిట్ కార్డు ఒక్కటే జేబులో పెట్టుకుని వెళ్తే పోస్టాఫీసులో ఆ 130 కట్టలేరు. చెక్‌బుక్ తీసుకెళ్లండి. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు, ఎక్స్‌పెడైట్‌లో రెండు మూడు వారాలు అని ప్రకటిస్తున్నారు. ఇందులో పోస్టులో పోయే సమయం కలవదు, అటూ ఇటూ కలిపి మరో నాలుగు వారాల దాకా లెక్కేసుకోండి. మీకున్న వ్యవధిలో ఆ 60 డాలర్లు తప్పకుండా కట్టండి, రానూపోనూ వేగవంతమైన డెలివరీ కూడా తీసుకోండి. ప్రయాణం 14 రోజుల్లోపు ఉండి పాస్‌పోర్టు రాకపోతే స్టేట్ డిపార్ట్‌మెంట్ పాస్‌పోర్టు ఏజెన్సీలో అపాయింట్‌మెంట్ అడగొచ్చు. కానీ దొరుకుతుందన్న హామీ లేదు, దాని మీద ఆధారపడి ప్లాన్ వేయొద్దు. టికెట్లు కొంటే డబ్బు వెనక్కిచ్చే రకం కొనండి.

ఆధార్ లాంటి కార్డు అమెరికాలో లేదు. దేశమంతటికీ ఒకే గుర్తింపు కార్డు అనేది ఇక్కడ పెట్టలేదు. దానికి దగ్గరగా వచ్చేది పాస్‌పోర్టు కార్డు. బుక్‌తో పాటే అడిగితే 30 డాలర్లు అదనం, అంతే. జేబులో పట్టే ఈ కార్డు పౌరసత్వానికి, గుర్తింపుకు రెండింటికీ రుజువు. దేశీయ విమానాలకు పనికొస్తుంది. కెనడా, మెక్సికో, బెర్ముడా, కరీబియన్ దీవుల నుంచి రోడ్డు మీదో ఓడలోనో తిరిగి రావడానికీ చెల్లుతుంది. అంతర్జాతీయ విమానానికి మాత్రం చెల్లదు, ఇండియాకు ఇది చాలదు. నన్నడిగితే తీసుకోమనే చెబుతాను. సర్టిఫికెట్ ఒరిజినల్‌ను బయటికి తియ్యకుండా చాలా పనులు దీంతో అయిపోతాయి.

పాస్‌పోర్టు వచ్చాక సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు ఒకసారి వెళ్లి సిటిజన్‌గా మార్పించుకోండి. హెచ్-1బీలో ఉన్నప్పుడు తీసుకున్న కార్డయితే దాని మీద హోంల్యాండ్ సెక్యూరిటీ అనుమతి ఉంటేనే ఉద్యోగానికి చెల్లుతుందన్న వాక్యం ఇంకా ఉంటుంది. కొత్త కార్డులో అది పోతుంది, నంబరు మాత్రం అదే. ఒరిజినలే చూపాలి, జిరాక్స్ తీసుకోరు.

పేరు. కాగితాలన్నింటిలోనూ తెలుగువాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఉదాహరణకు కొల్లి వెంకట రమణ అనుకుందాం. ఇండియన్ పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలి, మొత్తం పేరు గివెన్ నేమ్ గడిలో రాశారు. వీసా ఇచ్చేటప్పుడు అమెరికా వాళ్లు ఆ మొత్తాన్నీ సర్‌నేమ్‌లోకి తోసి, ఫస్ట్ నేమ్ దగ్గర, అది తెలియదన్న అర్థంలో, "ఎఫ్ఎన్‌యూ" వేశారు. ఎన్-400లో పేరు మార్పు అడిగి, కోర్టులో జరిగిన ఓత్‌లో జడ్జి అనుమతితో రమణ ఫస్ట్ నేమ్ గా, కొల్లి లాస్ట్ నేమ్ గా సర్టిఫికెట్ వచ్చింది. అమెరికా వరకు అంతా సుఖమే, పాస్‌పోర్టు ఆ పేరుతోనే వస్తుంది. చిక్కు వచ్చేది ఇండియా కాగితాల దగ్గర. రద్దవ్వాల్సిన పాస్‌పోర్టులో ఒక పేరు, కొత్త పాస్‌పోర్టులో ఇంకో పేరు. ఇద్దరూ ఒక్కరే అని చూపే కాగితం కావాలి. కోర్టు పేరు మార్పు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీయే ఆ కాగితం. అది ఓత్ రోజున సర్టిఫికెట్‌తో పాటు ఇస్తారు, చాలామంది దాన్ని మామూలు రసీదు అనుకుని పారేస్తారు. మీది ఉంటే భద్రంగా పెట్టండి. లేకపోతే ఆ కోర్టు క్లర్క్ దగ్గర సర్టిఫైడ్ కాపీ అడగండి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిన ఆడవాళ్లకు ఇదే పని మ్యారేజ్ సర్టిఫికెట్ చేస్తుంది.

ఇక్కడో సలహా. ఇంటిపేరు ముందా వెనకా, "వెంకట" కలిపా విడదీసా అన్నది సర్టిఫికెట్‌లో ఎలా ఉందో ప్రతి ఫారంలోనూ అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయండి. టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్నట్టు రాద్దామన్న ఆలోచన వద్దు.

ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్. అమెరికా పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజే ఇది మొదలుపెట్టండి. అమెరికాలో ఈ అప్లికేషన్లు కాన్సులేట్ల తరఫున అప్లికేషన్లు తీసుకునే వీఎఫ్ఎస్ అనే సంస్థ ద్వారా వెళ్తాయి. మీరుంటున్న రాష్ట్రం ఏ కాన్సులేట్ కిందికి వస్తుందో దాన్ని బట్టే పంపాలి. డాలస్‌లో ఉంటూ, పని తొందరగా అవుతుందని న్యూయార్క్ కాన్సులేట్‌కు పంపితే వెనక్కి వస్తుంది. ఇండియన్ పాస్‌పోర్టు ఒరిజినల్, అమెరికా పాస్‌పోర్టు, నాచురలైజేషన్ సర్టిఫికెట్ కాపీలు, ఫారం, ఫోటోలు, అడ్రస్ రుజువు ఇవి అసలైనవి. అడ్రస్ రుజువులో ఉన్న అడ్రసు, ఫారంలో రాసిన అడ్రసు ఒకటే కావాలి. అపార్ట్‌మెంట్ నంబరు ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోయినా ప్రశ్న వేస్తారు.

పాత పాస్‌పోర్టును క్యాన్సిల్ ముద్ర వేసి, సరెండర్ సర్టిఫికెట్‌తో కలిపి తిరిగి పంపుతారు. రెండూ జీవితాంతం దాచాల్సినవే. ఇకమీదట ఓసీఐకి గానీ, పిల్లల ఓసీఐకి గానీ, అక్కడి ఆస్తి వ్యవహారాలకు గానీ మీరు భారత సంతతి అని చూపేవి అవే. ఈ సమాధానం చదివే పెద్దవాళ్ల కోసం ఒక మాట: 2010 జూన్ 1కి ముందే సిటిజన్ అయినవాళ్లకు పద్ధతి కొంచెం వేరు, ఫీజు తక్కువ. అప్లికేషన్‌లో ఆ రకాన్నే ఎంచుకోండి. పాస్‌పోర్టు పోయినవాళ్లు పోలీసు రిపోర్టుతో, అఫిడవిట్‌తో సిద్ధంగా ఉండాలి.

ఓసీఐ. పేరులో సిటిజన్ అని ఉన్నా ఇది పౌరసత్వం కాదు, జీవితకాలం చెల్లే వీసా అనుకోండి. ఓటు లేదు, ప్రభుత్వోద్యోగం లేదు. ఎన్నిసార్లైనా రావొచ్చు, ఎన్నాళ్లైనా ఉండొచ్చు, విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో పేరు నమోదు చేసుకోనక్కర్లేదు. అమెరికా నుంచి కొత్తగా తీసుకుంటే ప్రభుత్వ ఫీజు 275 డాలర్లు, దాని పైన వీఎఫ్ఎస్ చార్జీలు. భారత ప్రభుత్వ ఓసీఐ వెబ్‌సైట్‌లో ఫారం నింపి, ఫోటో, సంతకం, కాగితాలు అప్‌లోడ్ చేశాక వీఎఫ్ఎస్‌కు పంపాలి. సంతకం చిత్రం ఎత్తుకు మూడింతలు వెడల్పు ఉండాలి. తెల్లకాగితం మీద నల్ల సిరాతో సంతకం చేసి, చుట్టూ ఖాళీ కత్తిరించి ఆ కొలతకు తెస్తే ఒకేసారి వెళ్లిపోతుంది. ఫోన్‌లో తీసిన మసక ఫోటో అయితే సైట్ తీసుకున్నా తర్వాత వెనక్కి కొడతారు.

మీ తల్లిదండ్రులు గానీ తాతముత్తాతలు గానీ పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులుగా ఉండి ఉంటే ఓసీఐ రాదు. మిగతావాళ్లకు కాగితాలు సరిగ్గా ఉంటే రావడంలో అనుమానం లేదు, ఓపిక ఒక్కటే కావాలి.

పెళ్లి ముంచుకొస్తే ఇంకో దారి. పాస్‌పోర్టు వచ్చింది, ఓసీఐ రాలేదు, ప్రయాణం దగ్గరపడింది. అప్పుడు ఈ-టూరిస్ట్ వీసా తీసుకోండి. అమెరికా పాస్‌పోర్టు మీద ఆన్‌లైన్‌లో వస్తుంది, శంషాబాద్‌లో దిగడానికి చెల్లుతుంది. ఫారంలో పౌరసత్వం పుట్టుకతోనా, నాచురలైజేషన్‌తోనా, అంతకుముందు ఏ దేశం అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు రాయండి. వీసా కోసమైనా పాత పాస్‌పోర్టు సరెండర్ అయి ఉండడమే క్షేమం, కనీసం అప్లికేషన్ పెట్టి ఆ రసీదు దగ్గర ఉంచుకోండి. పెళ్లి చూసుకుని వచ్చాక ఓసీఐ తాపీగా తీసుకోవచ్చు. "అమెరికా పాస్‌పోర్టుతో ఇక్కడ ఎక్కి, అక్కడ పాత పాస్‌పోర్టు చూపించి దిగుతాను" అన్న ఎత్తు మాత్రం వేయకండి. ఎయిర్‌లైన్ కౌంటర్‌లోనే వీసా ఏదని అడుగుతారు.

పిల్లలు. గ్రీన్ కార్డుతో మీ దగ్గరే ఉంటున్న 18 ఏళ్లలోపు పిల్లలు మీ ఓత్‌తోనే అమెరికా పౌరులైపోయారు, వాళ్లకు వేరే ఓత్ లేదు. వాళ్ల చేతిలోనూ ఇండియన్ పాస్‌పోర్టు ఉంటే అదీ సరెండర్ చేయాలి. ఈ విషయం చాలామంది తల్లిదండ్రులకు తట్టదు, పాత పాస్‌పోర్టు మీదే తిప్పేస్తుంటారు. పిల్లల పాస్‌పోర్టు అప్లికేషన్‌కు వాళ్ల బర్త్ సర్టిఫికెట్, గ్రీన్ కార్డు, మీ నాచురలైజేషన్ సర్టిఫికెట్ కావాలి. అందుకే మీ పాస్‌పోర్టుతో పాటు అదే రోజు, అదే కౌంటర్‌లో ఇవ్వగలిగితే మంచిది. 16 ఏళ్లలోపు పిల్లలకు అమ్మానాన్నలిద్దరూ రావాలి. ఒకరు రాలేకపోతే డీఎస్-3053 అనే అంగీకార పత్రం నోటరీ చేయించి పంపాలి. ఆ పాస్‌పోర్టుకు ఐదేళ్లే గడువు. ఇరవై ఏళ్లు నిండేలోపు కొత్త పాస్‌పోర్టు వచ్చిన ప్రతిసారీ మూడు నెలల్లోగా ఓసీఐ సైట్‌లో అది, కొత్త ఫోటో అప్‌లోడ్ చేయాలి, దానికి ఫీజు లేదు. ఇరవై నిండాక వచ్చే మొదటి పాస్‌పోర్టుతో ఓసీఐ కార్డునే ఒకసారి మళ్లీ జారీ చేయించుకోవాలి.

ఆధార్, పాన్, ఓటు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆ చట్టంలోనే ఉంది, కాబట్టి మీ పాత నంబరు ఉండడం నేరమేమీ కాదు. కానీ దాన్ని చూపించి భారత పౌరుడిగా ఏదీ తీసుకోకండి. కొత్త నంబరుకు కూడా ప్రయత్నించకండి. రేపు ఓసీఐ మీద అక్కడే స్థిరపడితే, ముందు పన్నెండు నెలల్లో 182 రోజులు ఉన్నవాళ్లు ఆధార్‌కు అర్హులు. ఓసీఐ వాళ్లకు అది పదేళ్లు చెల్లుతుంది. పాన్ నంబరు మారదు. రెండోది తీసుకుంటే పదివేల రూపాయల జరిమానా. ఉన్నదానిలోనే స్టేటస్ మార్పించండి. భారత పౌరులు కానివాళ్లకు ఆధార్‌తో పాన్ లింకు చేయడం నుంచి మినహాయింపు ఉంది. కానీ మీ స్టేటస్ పాతదే ఉంటే వాళ్ల సిస్టమ్ మిమ్మల్ని మామూలు రెసిడెంట్‌గానే చూసి, పాన్ పనిచేయదని చూపిస్తుంది. బ్యాంకులో మామూలు సేవింగ్స్ ఖాతా ఉంటే ఎన్ఆర్ఓ ఖాతాగా (విదేశాల్లో ఉండేవాళ్ల రూపాయి ఖాతా) మార్పించాలి. ఓటరు జాబితాలో పేరు ఉంటే ఫారం-7తో తీయించండి. ఊళ్లో బంధువులు "ఉండనీ, పోయేదేముంది" అంటారు, వినకండి.

మీరు అడగకపోయినా పొలం గురించి చెప్పాలి, ఎందుకంటే పెళ్లికి వెళ్లినప్పుడే ఇలాంటి మాటలు కదులుతాయి. ఓసీఐ ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. ఇల్లు, ఫ్లాటు కొనొచ్చు. భారత పౌరులుగా అక్కడ ఉన్నప్పుడు మీ పేరున ఉన్న పొలం ఉంచుకోవచ్చు, వారసత్వంగా వచ్చింది తీసుకోవచ్చు. అమ్మితే మాత్రం అక్కడ నివసించే భారత పౌరులకే అమ్మాలి. అందరూ పొరబడేది గిఫ్ట్ డీడ్ దగ్గర. నాన్నగారు "నేనుండగానే నీ పేర రాసేస్తాను" అని వ్యవసాయ భూమిని దానంగా రిజిస్టర్ చేయిస్తే, విదేశీ మారక నిబంధనల ప్రకారం అది చెల్లదు. రిజిస్ట్రార్ ఆఫీసులో ఎవరూ అడ్డు చెప్పకపోవచ్చు, అమ్మి డబ్బు ఇక్కడికి తెచ్చుకునే రోజున బ్యాంకు అడుగుతుంది. అదే పొలం వీలునామా ద్వారా వస్తే ఏ చిక్కూ లేదు. కాబట్టి ఆ మాట వస్తే గిఫ్ట్ డీడ్ వద్దని, వీలునామా రాయమని నాన్నగారికి నచ్చజెప్పండి.